మూడో మలుపులో నీళ్లు

మా వియ్యపురాలు ఆ పొద్దున రేస్ ట్రాక్ మొత్తం కడిగించింది. దాని గురించి ఆమె ఒక విధంగా చెబుతుంది, మా అమ్మాయి ఇంకో విధంగా చెబుతుంది. ఇద్దరి కథలోనూ నేను సాధింపు మనిషిని. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. నాకు డెబ్బై రెండేళ్లు. జ్ఞాపకం బాగానే ఉంది. అది బాగుండటమే వాళ్లకు ఇబ్బంది.

ట్రాక్ అంటే గుర్రాలదీ కాదు, మనుషులు కూర్చునే కార్లదీ కాదు. మోచేతి పొడవు కార్లు, బ్యాటరీతో నడుస్తాయి. నడిపేవాళ్లు ఎత్తుగా కట్టిన అరుగు మీద వరసగా నిలబడి, చేతిలో రిమోట్ పట్టుకుని తిప్పుతారు. కూలికి వచ్చిన నారాయణపేట వాళ్లు ఆ అరుగును మంచె అన్నారు, చేలో పిట్టలను తోలే మంచెలాగే ఉందని. ఆ పేరే నిలిచిపోయింది. మంచె మీద నిలబడేవాళ్లలో పిల్లలు తక్కువ. నలభై దాటినవాళ్లు, పొట్టలు వచ్చినవాళ్లు, మెడలో ఆఫీసు కార్డు తీయకుండానే వచ్చి నిలబడి, కారు గోడకు తగిలితే అన్నం మానేసేంత బాధపడతారు. నాకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత రాలేదు. ఒక మనిషి ఒక వస్తువును ఒకే గీత మీద వందసార్లు తిప్పాలని చూస్తుంటే నవ్వే రకం కాను నేను.

మా అమ్మాయి గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పద్నాలుగేళ్లు చేసి ఒక సోమవారం మానేసింది. ఆ ఆఫీసు కిటికీలోంచి కనిపించే ఖాళీ జాగానే కిరాయికి తీసుకుంది. అక్కడ ఎవరో టవర్ కడదామనుకుని ఆగిపోతే ఆఫీసు బస్సులు నిలిపేవారు. ఆ బస్సుల నూనె మరకల మీదే మొదటి ట్రాక్ వేసింది. రెండేళ్లు ఊళ్లోవాళ్లకు పోటీలు పెట్టింది. ఆ తర్వాత అంతర్జాతీయ పోటీ ఇక్కడ పెట్టిస్తానని ఆ పోటీలు నడిపే విదేశీ సంఘానికి రాసింది.

జాగా ఆసామి మాట సూటిగా చెప్పాడు. ఆ పోటీ ఇక్కడికి వస్తే ఇంకో అయిదేళ్లు జాగా ఆమెదే. రాకపోతే వేసవికల్లా ఖాళీ చేయాలి, బిల్డర్ తయారుగా ఉన్నాడు. పోటీ రావాలంటే సంఘం మనిషి ఒకరు వచ్చి ట్రాక్ చూసి సరే అనాలి. అతను కాదంటే పోటీ వేరే దేశానికి పోతుంది, జాగా బిల్డర్‌కు పోతుంది. సంగతి ఇంతే. మిగిలినదంతా దీని చుట్టూ తిరిగిన పోట్లాట.

వియ్యపురాలిది భీమవరం వైపు. కోడలికి సాయం చేద్దామని దసరా తర్వాత దిగింది. మా ఇద్దరికీ పడదు. పెళ్లిలో మా పచ్చిపులుసు ఒక గుక్క తాగి, "అజీర్తికి మంచిదనుకుంటానండీ" అంది. ఆ మాటకు తొమ్మిదేళ్లు. ఆమె మర్చిపోయానంటుంది. నేను మర్చిపోలేదు. ఆమె నన్ను వదినగారూ అని పిలుస్తుంది, ఆ 'గారూ'ను ఎంత పొడుగు లాగితే అంత కోపమని అర్థం. నేను వదినా అంటాను, ఎదురుగా ఉన్నప్పుడు.

నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. లేత్ మీంచి వచ్చిన ముక్క గేజ్‌లో దూరితే పాస్, దూరకపోతే రిజెక్ట్. కొంచెం సర్దుకోండి మేడమ్ అని వచ్చిన సూపర్‌వైజర్ల ముక్కలకు ఎర్ర రంగు పూసి వెనక్కి పంపాను. ఆ సెక్షన్‌లో నన్ను ఎవరూ ఇష్టపడలేదు. నా టేబుల్ దాటి వెళ్లిన ముక్క మాత్రం ఒక్కటీ తిరిగి రాలేదు. కాబట్టి మా అమ్మాయి కొత్తగా తారు వేయిస్తున్నప్పుడు నేను మదీనాగూడ నుంచి రోజూ ఆటోలో వెళ్లి నిలబడ్డానంటే, నన్ను ఎవరూ పిలవలేదనే మాట నిజమే, అక్కడ నా పని ఉందనే మాట కూడా నిజమే.

తారు వేయడం నాలుగు రోజుల్లో అయిపోయింది. రోలర్ వెళ్లిపోయింది. తారు గట్టిపడ్డాక మా అమ్మాయి తన కారు తిప్పి చూసింది. నేను మంచె కింద నిలబడి చూశాను. మూడో మలుపు దగ్గర కారు తోక ఒకసారి వణికింది. రెండోసారీ అక్కడే. పదోసారీ అక్కడే. కారు మార్చారు, టైర్లు మార్చారు, తోక వణుకుతూనే ఉంది.

మరునాడు మూడు మీటర్ల అల్యూమినియం పట్టె తెప్పించి మలుపు మొదట్లో నేల మీద పెట్టాను. పట్టెకూ నేలకూ మధ్య సందులోకి నా ఫీలర్ గేజ్ రేకులు దూర్చాను. ఫీలర్ గేజ్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన సన్నని ఉక్కు రేకులు, ఎంత మందం రేకు దూరితే సందు అంత. ఫ్యాక్టరీలో రిటైరైన రోజు నాకు శాలువా కప్పారు, అది ఎక్కడుందో తెలియదు. ఈ రేకుల కట్ట మాత్రం నా సంచీలోనే ఉంటుంది. మిగతా నేలంతా సన్న రేకుకే బిగుసుకుంది. ఇక్కడ లావు రేకు కూడా ఆడుతూ దూరింది.

తారు మేస్త్రీని పిలిస్తే ఇంత తేడా రోడ్డు మీద లెక్కలోకి రాదన్నాడు. ఇది రోడ్డు కాదన్నాను. అల్లుడు శనివారం లేజర్ యంత్రం తెచ్చి అంతా చూసి, బాగానే ఉంది అత్తయ్యగారూ అన్నాడు. లేజర్ చూసింది ఎక్కడ? అర మీటరుకు ఒక చుక్క. గుంట ఆ చుక్కల మధ్య పడుకుని ఉందని చెప్పాను. అతను మర్యాదస్థుడు, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని పక్కకు వెళ్లాడు.

మా అమ్మాయికి మర్యాద అక్కర్లేదు, నా కూతురు.

"ఏడ చూసినా నీకు వంకనే కనిపిస్తది అమ్మా."

"వంక ఉంటే కనిపిస్తది."

"ఇది బాలానగర్ గాదు. మేస్త్రీ చూసిండు, లేజర్ చూసింది. అందరికంటె నీ కన్నే పెద్దదా?"

"కన్ను గాదు. రేకు దూరింది."

"ఇగ చాలు. ఆయనొచ్చి పోయేదాంక ఆ మలుపు ముచ్చట నా ముంగట ఎత్తకు."

ఎత్తలేదు. కార్తీకం చివరి బుధవారం అది. ఇంటికొచ్చి క్యాలెండర్‌లో ఆ గడిలో చిన్న గుంట బొమ్మ వేసుకున్నాను.

మలుపు ముచ్చట వద్దంది కాబట్టి చక్కెర పని తీసుకున్నాను. కొత్త తారు మీద టైరు జారుతుంది. దానికి ఈ ఆటవాళ్ల దగ్గర ఒక చిట్కా ఉంది. చక్కెర కలిపిన నీళ్లు పలచగా కొడతారు. నీళ్లు ఆరిపోతే జిగురు మిగులుతుంది. దాని మీద కార్లు తిరిగేకొద్దీ టైర్ల రబ్బరు అంటుకుని నల్లటి దారి పడుతుంది. ఆ దారిలో పడ్డ కారు గీత గీసినట్టు తిరుగుతుంది. ఎంత నీటికి ఎంత చక్కెర అన్నది ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఒకతను గుప్పెడు అన్నాడు, ఒకతను తియ్యగా ఉంటే చాలన్నాడు. నేను ట్రాక్ బయట నేల మీద అడుగు మేర గడులు గీసి, ఒక్కో గడిలో ఒక్కో పాళ్లలో పోసి ఆరనిచ్చి, టైరు పెట్టి లాగి చూశాను. పది లీటర్లకు కిలో దగ్గర నిలిచింది. వీపుకు తగిలించుకుని పొలాల్లో మందు కొట్టే పంపుతో నారాయణపేట ఆడవాళ్లిద్దరు రోజూ సాయంత్రం కొట్టేవారు. వాళ్లు అక్కడే ఊడ్చే పని కూడా చేసేవారు.

వియ్యపురాలికి ఆ డ్రమ్ము చూసినప్పటి నుంచి చేతులు ఆగలేదు. వచ్చి రెండు వేళ్లు ముంచి, వేళ్లు కలిపి విడదీసి చూసింది.

"ఇది పాకమా వదినగారూ, పానకమా? తీగే రావడం లేదండీ."

"తీగ రావద్దు వదినా. ఇది అరిసెలకు గాదు."

"అరిసెలకు కాదని తెలుసండీ. అరిసెలైతే మీరు చేయరు కదా."

మరుసటి సాయంత్రం నీళ్లు ఎర్రగా కనిపించాయి. బెల్లం వేసింది. చక్కెర ఒక్కటే వేస్తే అరిష్టంగా అనిపించిందట, వంటల్లో ఎప్పుడూ అలా చేయలేదట. అప్పటికే సగం ట్రాక్ మీద కొట్టేశారు. తెల్లారేసరికి ప్రహరీగోడ పునాదిలోంచి ఎర్రచీమలు తాడులా వచ్చి మొదటి మలుపులో గుంపు కట్టాయి. ఆమె ఎక్కడినుంచో చీమల సుద్ద తెప్పించి ట్రాక్ చుట్టూ గీత గీయడం మొదలుపెట్టింది, వంగి, చాలా శ్రద్ధగా. టైర్లకు ఆ పొడి అంటుకుంటుందని నేను వెనకాలే కాలితో చెరుపుకుంటూ వెళ్లాను. ఒక చుట్టు పూర్తయ్యాక వెనక్కి తిరిగి చూసింది.

"చీమలైనా గీత గీస్తే ఆగుతాయండీ. మీరు ఆగరు."

"నేను ఆగకపోతే ఫికర్ లేదు వదినా. మలుపు దగ్గర కారు జారకుండ ఆగాలె."

ఆ రోజు నుంచి డ్రమ్ముకు తాళం వేశాను. ఆమె ట్రాక్ వైపు అడుగు వేస్తే ముట్టుకోకు అనేదాన్ని. పద్దెనిమిది రోజులు కొట్టించాను, కార్లు తిప్పించాను. నల్లదారి పడింది. మొదట్లో జారిన కార్లు ఇప్పుడు గోడలకు వేలెడు దూరంలో తిరుగుతున్నాయి. ట్రాక్ మీద నడిస్తే చెప్పు అడుగున టక్ టక్ మని అంటుకుని ఊడొచ్చేది. ఆ శబ్దం నాకు నచ్చేది. మూడో మలుపులో మాత్రం తోక వణుకుతూనే ఉంది. అందరూ దానికి అలవాటు పడ్డారు, ఆ చోట కొంచెం నెమ్మదిగా పోవాలని కొత్తవాళ్లకు నేర్పడం కూడా మొదలుపెట్టారు. తప్పు అలాగే పద్ధతి అయిపోతుంది. ఫ్యాక్టరీలోనూ చూశాను.

సంఘం మనిషి వచ్చేది గురువారం పదింటికి. నేను ఏడుకే చేరుకున్నాను. బైక్ టాక్సీలు ఇంకా మొదలుకాలేదు, ఆఫీసు బస్సు ఒక్కటే గేటు ముందు నిలిచి ఉంది. లోపలికి అడుగుపెట్టి నాలుగు అడుగులు వేశాక ఆగాను. చెప్పు అంటుకోలేదు.

ట్రాక్ అంతా తడిగా మెరుస్తోంది. గోడ పక్కన కాలువలో నల్లటి నీళ్లు నురగతో పోతున్నాయి. నారాయణపేట ఆడవాళ్లు పొరకలు గోడకానించి చాయ తాగుతున్నారు. అమ్మగారు నాలుగింటికే రమ్మంటే వచ్చినమని, సబ్బు పొడి వేసి రెండుసార్లు రుద్దినమని చెప్పారు. చేతులు చూపించారు, ఎర్రగా ఉన్నాయి. కార్లు బయలుదేరే గీత దగ్గర వియ్యపురాలు గొంతుకూర్చుని బియ్యప్పిండితో చుక్కల ముగ్గు వేస్తోంది. మధ్యలో పసుపు, కుంకుమ.

"ఏంది వదినా ఇది?"

"కడిగించానండీ. ఎంత మురికి పోయిందో చూశారా, నీళ్లు నల్లగా కారాయి. అంత దూరం నుంచి పెద్దమనిషి వస్తుంటే వాకిలి అలా జిడ్డోడుతూ ఉంచుకుంటామాండీ?"

"ఆ నలుపు రబ్బరు. ఆ జిడ్డు చక్కెర. పద్దెనిమిది దినాల పని."

ఆమె చేతిలో పిండి అలాగే ఉంది. తర్వాత ముగ్గులో మిగిలిన గీత కలిపేసి లేచింది.

"నాకెవరు చెప్పారండీ? ఇన్నాళ్లూ మీరు నాతో అన్నది ముట్టుకోకు అనే ఒక్క మాట. ఎందుకు ముట్టుకోకూడదో చెప్పారా?"

చెప్పలేదు. చెప్పి ఉంటే వినేదని నేననుకోను. ఆ తర్వాత మేమిద్దరం అనుకున్నవి ఇక్కడ రాయను. నారాయణపేట ఆడవాళ్లు చాయ గ్లాసులు పట్టుకుని గేటు బయటకు వెళ్లి నిలబడ్డారని మాత్రం రాస్తాను.

మాటలు అయిపోయి నేను ట్రాక్ మీద నడుస్తుంటే టవర్ల సందులోంచి ఎండ పడింది. నేల ఆరడం మొదలుపెట్టింది. ముందు మంచె కింద, తర్వాత పొడుగు దారి, తర్వాత మలుపులు. బూడిద రంగు నలుమూలల నుంచీ కమ్ముకుంటూ వచ్చింది. ఆరని చోటు ఒక్కటే మిగిలింది. మూడో మలుపులో, నా పట్టె కొసకు రెండు మూరల అవతల, చాటంత మేర నీళ్లు నిలిచి ఆకాశం కనిపిస్తోంది.

నేను మలుపు మొదట్లో అన్నాను, గుంట ఉన్నది మలుపు కడుపులో. ఆ రోజు నా రేకు దూరింది దాని అంచు వాలులో. అది నాకు అప్పుడే కనిపించింది, రాస్తున్నాను. కానీ గుంట ఉంది. సంచీలోంచి రూపాయి బిళ్ళ తీసి నీళ్ల మధ్యలో పెట్టాను. నీళ్లు బిళ్ళ మీదికి వచ్చి మూసుకున్నాయి. సమంగా ఉన్న నేలలో బిళ్ళ పైభాగం పొడిగా ఉండాలి. ఈ పరీక్ష ఏ యంత్రమూ లేనివాళ్లు కూడా చేయగలరు. కావలసింది నీళ్లు. ఇన్నాళ్లూ ఆ నేల మీద నీళ్లు పోయవద్దని కాపలా కాసింది నేనే. పోసింది ఆమె. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనిమిదిన్నరకు మా అమ్మాయి వచ్చింది. ట్రాక్ చూసి, అత్తగారిని చూసి, నన్ను చూసి, మంచె మెట్టు మీద కూర్చుంది. తర్వాత కారు దింపి తిప్పింది. మొదటి మలుపులోనే జారి గోడకు కొట్టుకుంది. మళ్లీ తీసి పెట్టింది, మళ్లీ జారింది. కారు ఎత్తుకుందామని నడుచుకుంటూ వస్తూ మూడో మలుపులో బిళ్ళ చూసింది. దాని అర్థం ఆమెకు తెలుసు.

"అత్తయ్యా, ఆ తుడిచే కర్ర తెండి."

ఎప్పుడూ లేనంత చురుగ్గా మా వియ్యపురాలు మాప్ కర్రతో వచ్చింది. నేను చెప్పులతోనే గుంట మధ్యలో నిలబడ్డాను.

"అమ్మా, జరుగు."

"జరుగ."

"జరసేపైతే ఎండుతది. ఆయన చూడకముందే ఎండుతది. నువ్వు జరుగు, చాలు."

"ఎండినంక గుంట పోతదా?"

"ఈ జాగా పోతే నేను మళ్ల ఆ ఆఫీసుకే పోవాలె, ఎరుకేనా నీకు? నీ గుంట గెలవాలని నా ట్రాక్ ఓడగొడ్తవా?"

నా దగ్గర జవాబు ఉంది. పోటీ రోజు ఒక్క చినుకు పడినా అక్కడ నీళ్లు నిలుస్తాయి, పది దేశాల వాళ్ల కార్లు వరసగా అక్కడ తిరగబడతాయి, ఆ రోజు తుడవడానికి మాప్ కర్ర సరిపోదు. ఆ తర్వాత ఆ జాగా ఆమెకు ఎన్నేళ్లు ఉన్నా ఎవరూ రారు. ఇవన్నీ ఆమె నాకంటే బాగా చెప్పగలదు. వినే స్థితిలో లేదు.

"వదినగారూ," అంది వియ్యపురాలు. ఆ రోజు 'గారూ'ను లాగలేదు. "పిల్ల ఏడుస్తోందండీ. ఈ ఒక్కసారికి కాళ్లు తీయండి."

మా అమ్మాయి ఏడవడం నేనూ చూశాను. కాళ్లు తీయలేదు. చెప్పులు తడిసి పాదాలు చల్లబడ్డాయి. మాప్ కర్ర పట్టుకుని ఆమె, ఎదురుగా నేను, పక్కన కారు చంకలో పెట్టుకుని మా అమ్మాయి, ముగ్గురం అలా నిలబడి ఉండగానే గేటు దగ్గర కారు హారన్ వినిపించింది. ఆయన ముందే వచ్చాడు.

పొడుగు మనిషి, అరవై దగ్గర ఉంటాయి, నడుం నొప్పి ఉన్నవాడిలా నెమ్మదిగా వంగుతాడు. ముగ్గు దగ్గర ఆగి, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చాడు. నేలను బొటనవేలితో రాసి చూసి చక్కెర కొట్టారా అని అడిగాడు. మా అమ్మాయి అవునంది, కొట్టాం, కడిగేశాం అంది. కడగడం మంచిదైందన్నాడు. సంఘం ఇప్పుడు చక్కెర ఒప్పుకోవడం లేదట, అన్ని దేశాల్లోనూ నేల పట్టుకు తాము పంపే మందు ఒక్కటే వాడాలట, ఉన్నా తీసేయించేవాడినన్నాడు.

ఏమంటున్నాడని వియ్యపురాలు అడిగింది. మా అమ్మాయి చెప్పింది.

"అయితే కడగడమే నయమైందన్నమాటండీ," అంది ఆమె, ఎవరితోనో అన్నట్టు. నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడాన్ని నేను బాగా చూశాను.

అక్కడి నుంచి ఆయన చేతులు వెనక్కి కట్టుకుని అడుగడుగూ చూసుకుంటూ మూడో మలుపుకు వచ్చాడు. నేను అప్పటికి గుంటలోంచి బయటకు వచ్చి పక్కన నిలబడ్డాను. నీళ్లు సగం ఆరాయి, బిళ్ళ మీద మాత్రం ఇంకా ఉన్నాయి. ఆయన మెల్లగా వంగి బిళ్ళను చూశాడు. ఎవరు పెట్టారని అడిగాడు. మా అమ్మ అంది మా అమ్మాయి. ఈ గుంట సంగతి మీకు ఎప్పుడు తెలిసిందని అడిగాడు.

ఈ పొద్దునే అని ఇంగ్లీషులో చెప్పింది.

ఫ్యాక్టరీలో నేర్చుకున్న ఇంగ్లీషు నాకు అంతవరకు సరిపోతుంది.

"వన్ మంత్," అన్నాను.

మా అమ్మాయి నా వైపు తిరిగి చూసిన చూపు గురించి రాయగలను గానీ రాయను. ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. దేంతో కొలిచారని నన్నే అడిగాడు. సంచీలోంచి రేకుల కట్ట తీసి ఇచ్చాను. విసనకర్రలా విప్పి, ఒక రేకు మీద అంకె చదివి, మూసి, రెండు చేతులతో తిరిగిచ్చాడు. గుంటకు ఫొటో తీసుకున్నాడు. ఏదో రాసుకున్నాడు. మంచె కొలిచాడు, కార్లు తిప్పించి చూశాడు, ఉప్మా పెడితే తిన్నాడు. మధ్యాహ్నానికి విమానాశ్రయానికి వెళ్లిపోయాడు. వస్తుందనీ చెప్పలేదు, రాదనీ చెప్పలేదు.

గేటు మూసి వచ్చి మా అమ్మాయి నా ముందు నిలబడింది.

"నువ్వు గెలిచినవ్. ఇగ ఇంటికి పో."

పోయాను. మూడు ఆదివారాలు మా అమ్మాయి ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. నాలుగో ఆదివారం అల్లుడు చేశాడు. ఉత్తరం వచ్చిందట. పోటీ ఇక్కడే. కానీ మూడో మలుపు కోసి తీసి మళ్లీ వేయాలి, వేశాక నీళ్లు పోసి వీడియో పంపాలి, పోటీకి ముందు ఆయనే మళ్లీ వచ్చి నీళ్లు పోయించి చూస్తాడు, చక్కెర కొట్టకూడదు. నేను అన్న మాట మేలు చేసిందో కీడు చేసిందో ఆ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఆ మాట అన్నా కూడా పోటీ వచ్చిందని మా అమ్మాయి అంటుంది. అన్నందుకే వచ్చిందని నేనంటాను. కడిగినందుకు వచ్చిందని వియ్యపురాలు అంటుంది, భీమవరంలో అందరికీ అదే చెప్పింది.

మలుపు కోసే రోజు నేను వెళ్లాను. గేటు దగ్గర తాడు కట్టి ఉంది. తాడు ఇవతల వియ్యపురాలు కుర్చీ వేసుకుని కూర్చుంది. పోటీ అయిపోయేదాకా మమ్మల్నిద్దరినీ తాడు దాటనివ్వవద్దని కాపలా మనిషికి మా అమ్మాయి చెప్పిందట. అతను వికారాబాద్ వైపు మనిషి, పాపం చాలా ఇబ్బందిగా చెప్పాడు. పెద్దమ్మా, మీ ఇద్దరినీ అంది, ఒక్కరినే అనలేదు అన్నాడు, అది ఓదార్పు అనుకుని. నాకు అన్నిటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది, ఆమెతో కలిపి లెక్కేయడం.

పోటీ ఎండాకాలం మొదట్లో జరిగింది. షామియానా వేశారు, జెండాలు కట్టారు, మంచె కొత్త రంగుతో మెరిసింది. తాడు ఇవతల మా ఇద్దరికీ కుర్చీలు వేశారు. ఒక కుర్చీ ఖాళీగా మధ్యలో వదిలి కూర్చున్నాం. ఆమె ఆ కుర్చీ మీద తన చేతిసంచీ పెట్టింది. నేను నా సంచీ పెట్టాను. సంచీలు పక్కపక్కన ఉన్నాయి, మేం లేము.

ఆఖరి పందెం మధ్యాహ్నం మూడింటికి. రెండున్నరకు గచ్చిబౌలి మీద మబ్బు కమ్మి, ఎవరూ అనుకోని వాన ఒక పావుగంట దంచి పోయింది. కార్లు లోపలికి ఎత్తుకుపోయారు. ఎండ మళ్లీ వచ్చింది. మంచె మీద వాళ్లు, సంఘం వాళ్లు, జాగా ఆసామితో సహా అందరూ నేల ఆరడం కోసం చూస్తున్నారు. ఆ పొడుగు మనిషి మూడో మలుపు దగ్గర నిలబడి మా అమ్మాయిని ఏదో అడిగాడు. ఆమె జేబులు తడుముకుంది. ఈ కాలంలో ఎవరి దగ్గరా చిల్లర ఉండదు, అందరూ ఫోన్లే చూపిస్తారు. తాడు దగ్గరికి నడిచి వచ్చింది. ఆ గురువారం తర్వాత నా ఎదురుగా అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి.

"రూపాయి బిళ్ళ ఉందా?" అంది, ఎవరిని అడిగిందో తెలియకుండా.

నేను సంచీ అందుకునేలోగా వియ్యపురాలు తన సంచీ విప్పింది. గుడిలో వేయడానికి ముడి కట్టుకున్న చిల్లరలోంచి ఒక బిళ్ళ తీసి అరచేతిలో పెట్టేసింది. మా అమ్మాయి వెనక్కి తిరిగింది.

"అది అయిదు రూపాయల బిళ్ళ," అన్నాను.

ఆగింది.

"మందం ఎక్కువ. దాన్ని పెట్టి చూస్తే గుంట ఉన్నా లేనట్టే కనిపిస్తది."

"బిళ్ళ ఏదైతే ఏంటండీ, పిల్ల తొందరలో ఉంటే," అంది వియ్యపురాలు.

మా అమ్మాయి చేతిలో బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసింది. అత్తగారికి తిరిగిచ్చేసింది. తర్వాత తాడు మీదుగా నా ముందు అరచేయి చాపి నిలబడింది. నా ముఖం వైపు చూడలేదు. నేను తొందరపడలేదు. సంచీలో ముందు రేకుల కట్ట తగిలింది, తర్వాత కళ్లజోడు పెట్టె, తర్వాత బిళ్ళ. అది ఆ పొద్దున నీళ్లలో పెట్టిన బిళ్ళే. ఇచ్చాను.

ఆమె మూడో మలుపు కడుపులో, సరిగ్గా ఆ చోట పెట్టింది. ఆ పొడుగు మనిషి వంగి చూసి, లేచి, మంచె వైపు చేయి ఊపాడు. కార్లు తెమ్మని కేకలు మొదలయ్యాయి. జాగా ఆసామి కూడా చప్పట్లు కొట్టాడు, దేనికో అతనికి తెలిసి ఉండదు. మరుసటి వారం అయిదేళ్ల కాగితం మీద సంతకం పెట్టాడు.

"నీళ్లు లేవు కదండీ," అంది వియ్యపురాలు. "నా బిళ్ళ పెట్టినా లేవనే తేలేది."

"తేలేది గాదు," అన్నాను. "అనుకునేదానివి."

ఆమె తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను నాది తీసుకున్నాను. మధ్యలో కుర్చీ ఖాళీ అయింది. కార్లు బయలుదేరాయి. మొదటి చుట్టులో మూడో మలుపు దగ్గర మేమిద్దరం ఒకేసారి ముందుకు వంగాం. అది చూసి ఇద్దరం ఒకేసారి వెనక్కి ఆనుకున్నాం.